రొమ్ము క్యాన్సర్: ముందస్తు పరీక్ష ఎవరికి మేలు, ఎవరికి కీడు?



అక్టోబరు నెల వచ్చిందంటే పట్టణాల్లో గులాబీ రంగు బోర్డులు కనిపిస్తాయి. నలభై దాటిన ప్రతి స్త్రీ మామోగ్రామ్ తీయించుకోవాలని, ముందే పట్టుకుంటే క్యాన్సర్ నయమైపోతుందని వాటి మీద రాసి ఉంటుంది. తగ్గింపు ధరకు ప్యాకేజీలు కూడా ప్రకటిస్తారు. అవి చూసిన అమ్మలు, అక్కలు మా ఓ.పి.కి వచ్చి "మేము కూడా తీయించుకోవాలా డాక్టరమ్మా?" అని అడుగుతున్నారు. అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్న కూతుళ్లు ఫోన్ చేసి తల్లులను తొందరపెట్టడం కూడా చూస్తున్నాము.

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేము. అందుకే ఈ సంచికలో కొంచెం వివరంగా రాస్తున్నాము. దయచేసి చివరి వరకు చదవండి. సగం చదివి వదిలేస్తే మేలు కంటే కీడే ఎక్కువ జరగవచ్చు.

ఇద్దరు స్త్రీలు

మా దగ్గరకు వచ్చిన ఇద్దరి గురించి ముందు చెబుతాము. పేర్లు, ఊర్లు చెప్పడం లేదు.

మొదటి ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. రొమ్ములో గడ్డ ఉన్నట్లు ఆమెకు ఎనిమిది నెలల ముందే తెలుసు. నొప్పి లేదు కాబట్టి ఏమీ కాదనుకున్నది. భర్త గల్ఫ్‌లో ఉన్నాడు, అత్తగారికి చెప్పడానికి సిగ్గుపడింది. చర్మం పగిలి నీరు కారడం మొదలైన తర్వాత మా దగ్గరకు వచ్చింది. అప్పటికే చంకలో గడ్డలు కట్టాయి.

రెండవ ఆమెకు యాభై ఆరేళ్లు. ఏ బాధా లేదు. కొడుకు ప్రేమతో పట్టణంలో పూర్తి ఆరోగ్య పరీక్షల ప్యాకేజీ చేయించాడు. మామోగ్రామ్‌లో సన్నని సున్నపు చుక్కలు కనిపించాయి. ముక్క తీసి పరీక్ష చేసి, ఇది క్యాన్సరేనని, వారం లోపల రొమ్ము తీసేయాలని చెప్పారు. ఆమె అన్నం మానేసింది. ఇంట్లోవాళ్లు పొలం బేరం పెట్టారు. రిపోర్టు తీసుకుని మా దగ్గరకు వచ్చి ఆమె అడిగిన మాట ఇది: "నాకు ఏ నొప్పీ లేదు, గడ్డ కూడా లేదు. మరి నాకు క్యాన్సర్ ఎక్కడిది?"

మొదటి ఆమె ఆలస్యంగా వచ్చింది. రెండవ ఆమెకు జబ్బు చాలా ముందుగా బయటపడింది. ఇద్దరికీ చెప్పవలసిన మాట ఒకటి కాదు. "ముందే పట్టుకోవడం" అన్న ఒకే మాటలో రెండు వేరు వేరు సంగతులు ఉన్నాయి. వాటిని విడదీసి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గడ్డ తగిలితే ఆలస్యం వద్దు

అన్నిటికంటే ముందు ఈ మాట. రొమ్ములో కొత్తగా గడ్డ తగిలినా, చంకలో గడ్డ కనిపించినా, చనుమొన లోపలికి పోయినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, చర్మం సొట్టపడినా, నారింజ తొక్కలా గరుకుగా మారినా వెంటనే డాక్టరుకు చూపించుకోండి. నొప్పి లేదని ఊరుకోవద్దు. క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు.

ఇలాంటి గుర్తులు ఉన్నవారికి మామోగ్రామ్, స్కానింగ్, సూది పరీక్ష తప్పక అవసరం. అది జబ్బు ఏమిటో తెలుసుకునే పరీక్ష. ఈ వ్యాసంలో మేము ప్రశ్నిస్తున్నది దాన్ని కాదు. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1 లక్షా 92 వేల మందికి రొమ్ము క్యాన్సర్ కొత్తగా వచ్చింది. సుమారు 98 వేల మంది చనిపోయారు. ఇంతమంది చనిపోవడానికి ఒక పెద్ద కారణం, గడ్డ చేతికి తెలుస్తున్నా నెలల తరబడి దాచుకోవడం.

ఏ గుర్తూ లేని, ఆరోగ్యంగా ఉన్న స్త్రీకి చేసే పరీక్ష వేరు. దాన్ని స్క్రీనింగ్ అంటారు. మేము దాన్ని ముందస్తు పరీక్ష అంటున్నాము. ఇక్కడ నుంచి చెప్పేదంతా దాని గురించే.

క్యాన్సర్లన్నీ ఒకటి కావు

క్యాన్సర్ అంటే రోజురోజుకూ పెరిగి ప్రాణం తీసే జబ్బు అని మనమందరం అనుకుంటాము. నిజానికి కొన్ని వేగంగా పెరుగుతాయి. కొన్ని మెల్లగా పెరుగుతాయి. కొన్ని చాలా ఏళ్లు ఉన్నచోటే ఉండిపోతాయి. అలాంటిది ఉన్న స్త్రీ దాని సంగతి తెలియకుండానే నిండు జీవితం గడిపి, వయసు మీద పడి మరో కారణంతో కన్నుమూస్తుంది.

ఏడాదికో రెండేళ్లకో ఒకసారి తీసే మామోగ్రామ్‌కు మెల్లగా పెరిగేవే ఎక్కువగా దొరుకుతాయి. అవి ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి కాబట్టి ఎప్పుడు చూసినా కనిపిస్తాయి. వేగంగా పెరిగేవి రెండు పరీక్షల మధ్యలోనే పుట్టి బయటపడతాయి. అంటే ప్రమాదకరమైన వాటిలో కొన్ని పరీక్షకు చిక్కవు. చిక్కిన వాటిలో కొన్ని ప్రమాదకరమైనవి కావు.

ఎప్పటికీ హాని చేయని క్యాన్సర్‌ను పరీక్షతో బయటపెట్టడాన్ని వైద్యులు అతి నిర్ధారణ అంటారు. దానికి చేసే ఆపరేషను, రేడియేషన్, మందులు అతి చికిత్స అవుతాయి. ఇది ల్యాబు పొరపాటు కాదు. ముక్క పరీక్షలో కనిపించేది నిజమైన క్యాన్సర్ కణాలే. ఏది పెరుగుతుంది, ఏది పెరగదు అని మైక్రోస్కోపులో కచ్చితంగా చెప్పే విద్య ఇంకా మనకు రాలేదు. అందుకే దొరికిన ప్రతిదానికీ వైద్యం చేస్తారు.

రెండవ ఆమె రిపోర్టులో ఉన్నది డి.సి.ఐ.ఎస్. అంటే పాల నాళం లోపలే ఉండి, ఇంకా గోడ దాటి బయటికి రాని కణాలు. దీన్ని సున్నా దశ అంటారు. మామోగ్రామ్‌లు రాక ముందు ఇది అరుదుగా కనిపించేది. ఇప్పుడు పాశ్చాత్య దేశాల్లో ముందస్తు పరీక్షలో బయటపడే వాటిలో సుమారు ఐదింట ఒకటి ఇదే. ఇందులో కొన్ని ముందు ముందు గోడ దాటుతాయి, కొన్ని ఎప్పటికీ దాటవు.

ఇది ఎలా తెలిసింది?

"ఆ క్యాన్సర్ హాని చేయదని మీకెలా తెలుసు?" అని మీరు అడగవచ్చు. ఒక్కొక్క స్త్రీ విషయంలో తెలియదు. వేలమందిని ఏళ్ల తరబడి గమనిస్తేనే తెలుస్తుంది.

కెనడాలో 1980లో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. 40 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న 89,835 మంది స్త్రీలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు అయిదేళ్ల పాటు మామోగ్రామ్ తీశారు. రెండవ గుంపుకు తీయలేదు. తర్వాత 25 ఏళ్లు గమనించి 2014లో ఫలితం ప్రకటించారు. మామోగ్రామ్ తీసిన గుంపులో 500 మంది, తీయని గుంపులో 505 మంది రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయారు. తేడా దాదాపు లేదు.

మామోగ్రామ్ గుంపులో క్యాన్సర్లు ముందే బయటపడ్డాయి సరే. రెండవ గుంపులో కూడా కొన్నేళ్లకు అన్ని క్యాన్సర్లు బయటపడి లెక్క సమానం కావాలి. కానీ సమానం కాలేదు. మామోగ్రామ్ గుంపులో 106 క్యాన్సర్లు ఎక్కువగానే ఉండిపోయాయి. అంటే ఆ పరీక్షల్లో దొరికిన 484 క్యాన్సర్లలో 22 శాతం, వెతకకపోతే ఎప్పటికీ బయటపడనివన్నమాట.

ఈ కెనడా అధ్యయనం నడిచిన తీరు మీద విమర్శలు ఉన్నాయి. స్వీడన్‌లో జరిగిన అధ్యయనాల్లో మామోగ్రామ్ వల్ల మరణాలు తగ్గాయి. కాబట్టి ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకూడదు. అన్ని అధ్యయనాలను కలిపి చూసిన వారు ఏమన్నారో చూద్దాం.

లాభనష్టాల లెక్క

ఇంగ్లండులో ప్రొఫెసర్ మైఖేల్ మార్మట్ అధ్యక్షతన ఒక స్వతంత్ర కమిటీ 2012లో నివేదిక ఇచ్చింది. యాభై ఏళ్ల వయసున్న 10,000 మంది స్త్రీలను 20 ఏళ్ల పాటు ముందస్తు పరీక్షకు పిలిస్తే 43 మంది రొమ్ము క్యాన్సర్ మరణం నుంచి తప్పించుకుంటారు. 129 మంది అతి నిర్ధారణకు గురవుతారు. ఒక ప్రాణం దక్కితే సుమారు ముగ్గురికి అక్కరలేని వైద్యం జరుగుతుందన్నమాట. మేలే ఎక్కువని, పరీక్షలు కొనసాగించవచ్చని, అయితే స్త్రీలకు ఈ లెక్క ముందుగా చెప్పాలని కమిటీ అన్నది. తర్వాత 2013లో అక్కడి ఆహ్వానంతో పాటు పంపే చిన్న పుస్తకంలో ఈ సంగతిని చేర్చారు.

డెన్మార్క్‌కు చెందిన పీటర్ గోషె, కార్‌స్టెన్ యోర్గెన్‌సెన్ 2013లో కొక్రేన్ సంస్థ తరఫున వేసిన లెక్క ఇంకా కఠినంగా ఉంది. 2,000 మంది స్త్రీలను పదేళ్లు పరీక్షకు పిలిస్తే ఒక్కరి మరణం తప్పుతుంది. పది మంది ఆరోగ్యవంతులు అనవసరంగా క్యాన్సర్ రోగులవుతారు. మరో 200 మందికి పైగా ముందు అనుమానం వచ్చి, తర్వాత ఏమీ లేదని తేలే వరకు భయంతో నలిగిపోతారు. 2014లో స్విట్జర్లాండు వైద్య మండలి కొత్తగా ఇలాంటి పథకాలు మొదలుపెట్టవద్దని సలహా ఇచ్చింది. అమెరికాలో మాత్రం ప్రభుత్వ నిపుణుల బృందం 2009లో యాభై ఏళ్ల నుంచి తీయాలని చెప్పి, 2024లో ఆ వయసును నలభైకి తగ్గించింది. రెండేళ్లకోసారి చాలని చెప్పింది. అమెరికా స్త్రీల మీద 2022లో వచ్చిన ఒక అంచనా ప్రకారం పరీక్షలో దొరికే క్యాన్సర్లలో సుమారు ఏడింట ఒకటి అతి నిర్ధారణ.

చదువుకున్న పెద్దల మధ్యనే ఇంత తేడా ఉన్నప్పుడు, ఇందులో ఏ సందేహమూ లేదన్నట్లు బోర్డు మీద రాయడం న్యాయం కాదని మా అభిప్రాయం.

"పరీక్ష వల్లే బతికాను" అనే మాట

ఈ సంగతి అంత తొందరగా బయటికి రాకపోవడానికి ఒక కారణం ఉంది. మామోగ్రామ్‌లో క్యాన్సర్ దొరికి, వైద్యం పొంది, బాగున్న ప్రతి స్త్రీ పరీక్ష వల్లే తాను బతికానని నమ్ముతుంది. అందులో కొందరి విషయంలో అది నిజమే. కొందరికి గడ్డ చేతికి తగిలిన తర్వాత వైద్యం చేసినా నయమయ్యేదే. కొందరికి అసలు వైద్యమే అక్కరలేదు. ఎవరు ఏ గుంపులో ఉన్నారో ఆమెకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు. ఇలా వైద్యం పొందిన అక్కలు ఎవరైనా ఇది చదువుతుంటే బాధపడవద్దు. ఆ రోజు మీకు తెలిసినదాన్ని బట్టి మీరు సరైన పనే చేశారు.

ముందే పట్టుకున్న వారిలో ఇంత శాతం మంది అయిదేళ్లు బతుకుతున్నారని ప్రకటనల్లో చెబుతారు. ఈ లెక్కలో ఒక చిక్కు ఉంది. ఒక స్త్రీకి 67వ ఏట గడ్డ తెలిసి, 70వ ఏట చనిపోయిందనుకోండి. జబ్బు తెలిశాక మూడేళ్లు బతికినట్లు. అదే జబ్బు 62వ ఏట మామోగ్రామ్‌లో దొరికి, అదే 70వ ఏట చనిపోతే ఎనిమిదేళ్లు బతికినట్లు లెక్క. ఆమె ఆయుష్షు ఒక్క రోజు కూడా పెరగలేదు, జబ్బు తెలిసి బతికిన ఏళ్లు మాత్రం పెరిగాయి. అందుకే అడగవలసింది మరణాలు ఎంత తగ్గాయి అని.

వైద్యం కూడా తగ్గుతూ వస్తున్నది

ఎక్కువ వైద్యం చేస్తే ఎక్కువ మేలు అన్న నమ్మకం పాతదే. అమెరికాలో డాక్టర్ హాల్‌స్టెడ్ పందొమ్మిదవ శతాబ్దం చివర్లో మొదలుపెట్టిన ఆపరేషనులో రొమ్ముతో పాటు ఛాతీ కండరాలు, చంకలోని గడ్డలు అన్నీ తీసేసేవారు. డెబ్బై ఎనభై ఏళ్లు అదే నడిచింది. అమెరికాలో డాక్టర్ బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో డాక్టర్ ఉంబర్టో వెరోనేసి దాన్ని ప్రశ్నించి అధ్యయనాలు చేశారు. గడ్డ వరకు తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్ము మొత్తం తీసేసినా బతికేవారి సంఖ్య ఒకటేనని 2002లో వచ్చిన 20 ఏళ్ల ఫలితాలు రెండు చోట్లా చూపించాయి.

2018లో పది వేలమందికి పైగా స్త్రీల మీద జరిగిన అధ్యయనం మరో సంగతి చెప్పింది. చంకకు పాకని, హార్మోనుకు లొంగే తొలిదశ క్యాన్సర్లలో, జన్యు పరీక్షలో మధ్యస్థంగా తేలిన వారిలో చాలామందికి కీమోథెరపీ అక్కరలేదు, హార్మోను మాత్రలు చాలు. యాభై లోపు వారిలో కొందరికి మాత్రం కీమో వల్ల కొంత మేలు కనిపించింది.

డి.సి.ఐ.ఎస్. గురించి 2024 డిసెంబరులో అమెరికా నుంచి ఒక ఫలితం వచ్చింది. తక్కువ ప్రమాదం ఉన్న రకం గల 957 మంది స్త్రీలలో సగం మందికి ఆపరేషను, మిగిలినవారికి ఆరు నెలలకోసారి పరీక్షతో జాగ్రత్తగా గమనించడం అని నిర్ణయించారు. రెండేళ్లలో గోడ దాటిన క్యాన్సర్ ఆపరేషను గుంపులో 5.9 శాతం, గమనించిన గుంపులో 4.2 శాతం మందిలో కనిపించింది. రెండేళ్లు చిన్న గడువే. కాబట్టి దీన్ని చూసి ఎవరూ సొంతంగా వైద్యం మానుకోకూడదు. కానీ ఈ రకం విషయంలో వారం లోపల కోసేయాలన్నంత తొందర లేదని మాత్రం తెలుస్తున్నది.

మన దగ్గర సంగతి

పై లెక్కలన్నీ పాశ్చాత్య దేశాలవి. మన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ అక్కడి కంటే తక్కువమందికి వస్తుంది, సగటున పదేళ్లు చిన్న వయసులో వస్తుంది. చిన్న వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది కాబట్టి మామోగ్రామ్‌లో సరిగా కనిపించదు. జబ్బు తక్కువగా ఉన్నచోట వేలమందికి పరీక్ష చేస్తే లాభపడేవారు ఇంకా తక్కువ, నష్టపోయేవారు మాత్రం ఉంటారు.

మరి మనకు ఏది మేలు? ముంబయిలో టాటా మెమోరియల్ వైద్యులు 1998లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. 35 నుంచి 64 ఏళ్ల వయసున్న సుమారు 1 లక్షా 51 వేలమంది పేద కుటుంబాల స్త్రీలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపును శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేతితో పరీక్షించారు. యంత్రం లేదు. 2021లో ప్రకటించిన ఫలితం ప్రకారం, యాభై ఏళ్లు, అంతకు పైబడిన స్త్రీలలో మరణాలు సుమారు 30 శాతం తగ్గాయి. యాభై లోపు వారిలో చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. మన ప్రభుత్వం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు అయిదేళ్లకోసారి చేతి పరీక్షే చెప్పారు.

ఎవరికి వారు నెలనెలా పద్ధతి ప్రకారం పరీక్షించుకోవడం గురించి కూడా చాలామంది అడుగుతారు. చైనాలోని షాంఘైలో 2,66,064 మంది మిల్లు కార్మిక స్త్రీల మీద చేసిన అధ్యయనంలో, అది నేర్పిన వారిలో మరణాలు తగ్గలేదని, క్యాన్సర్ కాని గడ్డలకు ముక్క పరీక్షలు పెరిగాయని 2002లో తేలింది. కాబట్టి నెలనెలా భయంతో వెతకనక్కరలేదు. స్నానం చేసేటప్పుడు మీ శరీరం మామూలుగా ఎలా ఉంటుందో తెలిసి ఉంటే చాలు. మార్పు కనిపిస్తే మాత్రం దాచకండి.

ఒక మినహాయింపు. తల్లికి, అక్కచెల్లెళ్లకు చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్ గానీ అండాశయ క్యాన్సర్ గానీ వచ్చి ఉంటే, చిన్నప్పుడు ఛాతీకి రేడియేషన్ ఇచ్చి ఉంటే, ఇంతకుముందు రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే మీ సంగతి వేరు. పైన చెప్పిన లెక్కలు మీకు వర్తించవు. డాక్టరుతో విడిగా మాట్లాడండి.

పరీక్షకు ముందు, రిపోర్టు వచ్చాక అడగవలసినవి

1. నాకు ఏ గుర్తు ఉందని ఈ పరీక్ష రాస్తున్నారు? లేక ఏమీ లేకపోయినా చేస్తున్నారా?
2. నా వయసు స్త్రీలలో దీనివల్ల ఎంతమందికి మేలు, ఎంతమందికి నష్టం?
3. ఇది సున్నా దశా, లేక గోడ దాటిన క్యాన్సరా? గ్రేడు ఎంత?
4. రొమ్ము మొత్తం తీయాలా, కొంత భాగం తీస్తే సరిపోతుందా?
5. రెండు మూడు వారాలు ఆగి ఇంకొక డాక్టరు అభిప్రాయం తీసుకుంటే ప్రమాదమా?

ఈ ప్రశ్నలు అడిగితే డాక్టరుకు కోపం వస్తుందని భయపడవద్దు. మంచి డాక్టరు సంతోషిస్తారు.

మేము పైన చెప్పిన రెండవ ఆమె ఈ ప్రశ్నలే రాసుకుని మరో క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లింది. ముక్కను మళ్లీ పరీక్ష చేయించారు. తక్కువ గ్రేడు అని తేలింది. నెల తర్వాత చిన్న ఆపరేషను చేసి ఆ భాగం వరకు తీశారు. రొమ్ము మిగిలింది, పొలం కూడా మిగిలింది. ఆ జబ్బు ఆమెకు ఎప్పటికైనా హాని చేసేదా అంటే ఎవరమూ చెప్పలేము. మొదటి ఆమె ఇంకా కీమోథెరపీ తీసుకుంటున్నది. గడ్డ తగిలిన వారంలోనే వచ్చి ఉంటే ఆమె వైద్యం చాలా తేలికయ్యేది.

యాభై దాటిన స్త్రీ ఈ లెక్కలన్నీ తెలుసుకుని మామోగ్రామ్ తీయించుకుంటానంటే అది మంచి నిర్ణయమే. వద్దనుకుంటే అదీ తప్పు కాదు. భయపెట్టి చేయించడం, సిగ్గుతో దాచుకోవడం, ఈ రెండూ మాత్రం వద్దు. స్త్రీల సమాజం కూడికలో ఈ వ్యాసాన్ని చదివి వినిపించండి. చదవడం రాని పెద్దమ్మలకు కూడా గుర్తులన్నీ చెప్పండి. సందేహం ఉంటే ఓ.పి.కి రండి. చేతితో పరీక్ష చేసి, అవసరమైతేనే ముందుకు పంపుతాము. లేడీ డాక్టరు గానీ నర్సు గానీ ఉన్న గదిలోనే పరీక్ష జరుగుతుంది కాబట్టి సంకోచించకండి.